ఎవరికీ చెప్పొద్దన్నవాడే దొంగ

(ఉగాది సెలవులకు ఊళ్లకు వచ్చిన మిల్లు, గార్మెంట్ కార్మికులతో పావగడ తాలూకా వల్లూరులో జరిగిన సమావేశంలో సంఘ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



సంఘం మీటింగ్ అంటే జీతం, బోనసు, గ్రాట్యుటీ, పనిభారం. ఈ రోజు ఫోను గురించి మాట్లాడతానంటే మీలో కొందరు నవ్వారు. "అది పోలీసుల పని కదా, సంఘానికేం సంబంధం?" అని వెనక కూర్చున్న తమ్ముడు ఒకాయన అడిగాడు. సంబంధం ఉంది నాయనా. యాజమాన్యంతో నెలల తరబడి కొట్లాడి జీతంలో నాలుగు వందలు పెంచుకుంటాం. ఒక్క ఫోను కాల్‌తో నాలుగు నెలల జీతం పోతుంది. సంపాదించే దాని కోసం పోరాడే సంఘం, సంపాదించిన దాన్ని దోచుకుంటుంటే చూస్తూ ఊరుకోవాలా?

2016 సంగతి గుర్తు చేసుకోండి. ఆ ఏడాది ఫిబ్రవరి 10న కేంద్ర ప్రభుత్వం పి.ఎఫ్. నియమం మార్చింది. యజమాని కట్టిన వాటాను 58 ఏళ్లు నిండేదాకా తీసుకోవడానికి లేదన్నది. ఏప్రిల్ 18, 19 తేదీల్లో బెంగుళూరు గార్మెంట్ ఫ్యాక్టరీల ఆడవాళ్లు మిషన్లు వదిలి వేలకు వేలు రోడ్డెక్కారు. 19వ తేదీ సాయంత్రానికి ప్రభుత్వం ఆ నియమం వెనక్కి తీసుకుంది. దేశమంతటి కార్మికుల పి.ఎఫ్.ను ఆ తల్లులు కాపాడారు. ప్రభుత్వంతో కొట్లాడి నిలుపుకున్న ఆ డబ్బును, ఈ రోజు ఎవడో మొహం తెలియనివాడు "అమ్మా, మీ పి.ఎఫ్. క్లెయిము ఆగిపోయింది, ఒక నంబరు వచ్చింది చెప్పండి" అని తేనె మాటలతో ఎత్తుకుపోతున్నాడు.

కబురు అప్పుడు, కబురు ఇప్పుడు

నేను రింగ్ ఫ్రేముల మీద పనిచేసిన రోజుల్లో మిల్లుకంతా ఫోను టైం ఆఫీసులో ఒక్కటే. ఊరి నుంచి చెడు కబురు వస్తే టెలిగ్రాం. అది ఇంగ్లీషులో ఉండేది. చదివేవాడి కోసం పరుగెత్తేవాళ్లం. చదివించుకునేలోపల పదిమంది చుట్టూ చేరేవారు. ఒకరు ధైర్యం చెప్పేవారు, ఒకరు బస్సు చార్జీ చేతిలో పెట్టేవారు. కబురు ఎంత చెడ్డదైనా మనిషి ఒంటరిగా ఉండేవాడు కాదు.

2013 జూలైలో టెలిగ్రాం సేవ ఆగిపోయింది. ఇప్పుడు కబురు నేరుగా మన ఒక్కరి చెవిలోకి వస్తుంది. నైట్ షిఫ్ట్ చేసి పొద్దున పడుకున్న మనిషికి పదకొండు గంటలకు ఫోను మోగుతుంది. సగం నిద్ర, చుట్టూ ఎవరూ లేరు. దొంగకు కావలసింది ఇదే. వాడి బలం వాడి తెలివిలో లేదు, మన ఒంటరితనంలో ఉంది. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతా అంతా అర్థమవుతుంది.

అమ్మేవాడి ఫోను

ఫోన్లు రెండు రకాలు. మొదటిది విసిగించే ఫోను: లోను కావాలా, సైటు కావాలా, బీమా కట్టండి అని. వీళ్లంతా దొంగలు కారు. కానీ మనం వద్దన్నాక చేయకూడదని చట్టం ఉంది. టెలికాం రెగ్యులేటరీ సంస్థను ట్రాయ్ అంటారు. 2007లోనే "నాకు ఫోన్లు చేయొద్దు" అనే వాళ్ల జాబితా మొదలైంది. 2010లో, మళ్లీ 2018లో నియమాలు బిగించారు. మీ ఫోను నుంచి 1909కు ఫోను చేయండి. లేదా ఇంగ్లీషు అక్షరాల్లో "స్టార్ట్ 0" అని అదే నంబరుకు మెసేజు పెట్టండి. ప్రచార ఫోన్లన్నీ వద్దని నమోదవుతుంది. పైసా ఖర్చు లేదు.

"నమోదు చేసుకున్నా వస్తున్నాయి కదా అన్నా?" అంటారు. నిజమే. రిజిస్టరు చేసుకున్న కంపెనీల ప్రచార కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచి రావాలి. బ్యాంకులు, బీమా సంస్థలు పని మీద చేసే వాటికి 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు. ఇవేవీ కాకుండా మామూలు పది అంకెల సెల్ నంబరు నుంచి అమ్మకానికి ఫోను చేసేవాడు నియమం తప్పినవాడే. వాడి మీద ఫిర్యాదు చేయవచ్చు. మీరు ముందుగా జాబితాలో పేరు రాయించుకోకపోయినా చేయవచ్చు. ఏడు రోజుల లోపల అదే 1909కు గానీ, ట్రాయ్ వారి డి.ఎన్.డి. యాప్‌లో గానీ ఆ నంబరు, ఫోను వచ్చిన తేదీ, వాడు చెప్పిన మాట క్లుప్తంగా ఇస్తే చాలు.

ఇక్కడే మనకు పనికివచ్చే లెక్క ఒకటి ఉంది. ఇంతకుముందు ఒక నంబరు మీద ఏడు రోజుల్లో పది ఫిర్యాదులు వస్తేనే కదిలేవారు. 2025 ఫిబ్రవరిలో నియమం మార్చారు. పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు వస్తే చాలు, కంపెనీ ఐదు రోజుల్లో చర్య తీసుకోవాలి. మొదటి తప్పుకు ఆ నంబరు నుంచి బయటికి పోయే ఫోన్లు 15 రోజులు ఆపుతారు. మళ్లీ చేస్తే ఏడాది పాటు వాడి కనెక్షన్లన్నీ తీసేస్తారు. ఐదుగురు! మన ఒక్క షిఫ్టులో ఎంతమందిమి? ఒకే హాస్టల్లో ఉన్న ఆడపిల్లలకు ఒకే వారంలో ఒకే నంబరు నుంచి ఫోను వస్తుంది. ఎవరికి వారు తిట్టుకుని పెట్టేస్తారు. తిడితే వాడికి తగలదు. ఐదుగురు కలిసి ఫిర్యాదు చేస్తే తగులుతుంది. గడ్డిపోచలు పేనితే మోకు అవుతుందని మనకు ఎవరూ నేర్పనక్కరలేదు కదా.

దొంగ ఫోను

రెండో రకం దొంగ ఫోను. వీడు ఏం అమ్మడు. భయపెడతాడు, లేదా ఆశ పెడతాడు. భయం ఎలా పెడతాడో వినండి.

"మేము ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నాం. రెండు గంటల్లో మీ నంబరు కట్ అవుతుంది. వివరాలకు 9 నొక్కండి." నొక్కితే, "మీ ఆధార్ మీద ముంబైలో ఇంకో సిమ్ తీశారు. దాంతో నేరం జరిగింది. పోలీసులకు కలుపుతున్నాం." వీడియోలో యూనిఫారం వేసుకున్నవాడు కనబడతాడు. వెనక గోడకు సర్కారు ముద్ర. "నిన్ను డిజిటల్ అరెస్టు చేశాం. గది తలుపు వేసుకో. కెమెరా ముందు నుంచి కదలొద్దు. ఇంట్లోవాళ్లకు గానీ, స్నేహితులకు గానీ చెప్పావంటే వాళ్లనూ లోపల వేస్తాం."

ఆ చివరి మాట గమనించారా? వాడు చెప్పే కథ రోజుకొకటి మారుతుంది. పార్సిల్లో మత్తుమందు దొరికిందంటాడు, కొడుకు కేసులో ఇరుక్కున్నాడంటాడు, కరెంటు కట్ చేస్తామంటాడు. "ఎవరికీ చెప్పొద్దు" అన్న మాట మాత్రం మారదు. ఎందుకంటే మనం పక్కవాడికి చెబితే వాడి ఆట అక్కడితో ముగుస్తుంది.

చదువులేని వాళ్లే మోసపోతారని అనుకోకండి. మన పరిశ్రమలోనే ఉదాహరణ ఉంది. వర్ధమాన్ గ్రూపు పేరు నూలు మిల్లుల్లో పనిచేసేవాళ్లకు తెలియనిది కాదు. ఆ గ్రూపు అధిపతి ఎస్.పి. ఓస్వాల్ పద్మభూషణ్ అందుకున్నాయన, 82 ఏళ్ల అనుభవజ్ఞుడు. 2024 ఆగస్టులో ఆయనకు ఇలాంటి ఫోనే వచ్చింది. సి.బి.ఐ. అన్నారు, వీడియోలో రెండు రోజులు నిఘా పెట్టారు, నకిలీ సుప్రీంకోర్టు విచారణ కూడా నడిపించారు. 7 కోట్ల రూపాయలు పంపించుకున్నారు. లక్షల కదుళ్లు తిప్పించే యజమానిని గదిలో ఒంటరిగా కూర్చోబెట్టగలిగారంటే, మన రింగ్ ఫ్రేము సైడర్‌ను కూర్చోబెట్టడం ఎంతసేపు? అయితే రెండో సంగతి కూడా వినండి. ఆయన సిగ్గుపడి దాచలేదు. పోలీసులకు చెప్పారు, అందరి ముందూ చెప్పారు. లుధియానా పోలీసులు 5.25 కోట్లు తిరిగి రాబట్టారు.

డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. ఏ పోలీసూ, ఏ కోర్టూ ఫోన్లో అరెస్టు చేయదు, కేసు కొట్టేయడానికి ఖాతాలో డబ్బు వేయమనదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి రేడియోలో ఇదే చెప్పారు. 2025 డిసెంబరు 1న సుప్రీంకోర్టు ఈ కేసుల దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించింది. అంతదాకా పోయింది వ్యవహారం.

మన ఇళ్లకు వచ్చే ఫోన్లు

ఈ వల్లూరు సంగతే తీసుకోండి. తిరుమణి, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు, వల్లూరు, ఈ ఐదు ఊళ్ల భూముల్లో సుమారు 13,000 ఎకరాల్లో సోలార్ పార్కు వచ్చింది. 2,050 మెగావాట్లు. భూమి ఇచ్చినవారికి ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు గుత్త, రెండేళ్లకు ఒకసారి 5 శాతం పెంపు అని ఒప్పందం. భూమి లేనివారు కూలి పనులు తగ్గి హిందూపురం, బెంగుళూరు దారి పట్టారు. మీలో చాలామంది అలా వచ్చినవారే. ఏడాదికి ఒకసారి గుత్త డబ్బు, నెలకు ఒకసారి జీతం, రెండూ బ్యాంకు ఖాతాలోకే వస్తాయి. ఇంట్లో ముసలి తల్లిదండ్రులు, చేతిలో స్మార్ట్ ఫోను. "గుత్త డబ్బు ఆగింది, ఖాతా వివరాలు సరిచేయాలి" అని ఎవడైనా అంటే అమ్మ నమ్మదా? కాబట్టి ఈ మాట మీరు విని పోతే చాలదు. ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పాలి.

గుర్తు పెట్టుకోవలసినవి ఇవి.

పి.ఎఫ్. ఆఫీసు ఫోన్లో ఆధార్, యు.ఎ.ఎన్., బ్యాంకు ఖాతా, ఓ.టి.పి. అడగదు. మీ పి.ఎఫ్. ఎంత ఉందో తెలియాలంటే, పి.ఎఫ్.లో నమోదైన మీ ఫోను నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇవ్వండి, మెసేజు వస్తుంది.

డబ్బు తీసుకోవడానికి పిన్ అవసరం లేదు. పిన్ కొట్టామంటే డబ్బు ఇస్తున్నట్టే. "మీకు ఐదు వేలు వచ్చాయి, పిన్ కొట్టండి" అన్నవాడు దొంగ.

వాట్సాప్‌లో పెండ్లి పత్రిక అని, ట్రాఫిక్ జరిమానా అని, రైతు పథకం అని ఏదైనా యాప్ పంపితే తెరవవద్దు. దాన్ని ఎక్కించుకుంటే మన ఫోను వాడి చేతికి పోయినట్టే. ఓ.టి.పి. మనం చెప్పకపోయినా వాడికి కనిపిస్తుంది.

నంబరు 1600తో మొదలైనా సరే, బ్యాంకు పేరు తెరమీద కనబడినా సరే, ఓ.టి.పి. చెప్పకూడదు. ఫోను పెట్టేసి, పాస్ పుస్తకం మీదో, ఏ.టి.ఎం. కార్డు వెనకో ఉన్న నంబరుకు మనమే చేయాలి.

అప్పు యాప్‌ల జోలికి పోకండి. పోయినవాళ్లు ఉంటే వాళ్లకూ హక్కులు ఉన్నాయి. 2022లో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమాల ప్రకారం వసూలు ఏజెంటు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోను చేయకూడదు. అప్పు యాప్ మన ఫోనులోని పేర్ల జాబితా తీసుకోకూడదు. బంధువులకు ఫోను చేసి పరువు తీసేవాడు అప్పు వసూలు చేయడం లేదు, నేరం చేస్తున్నాడు. చిన్న అప్పుల పేరుతో చేసే దౌర్జన్యం మీద కర్ణాటక ప్రభుత్వం 2025లో చట్టం కూడా తెచ్చింది. దానికి భయపడి ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. సంఘం ఆఫీసుకు రండి.

ఖాతా బాడుగకు ఇవ్వకండి

ఇది ముఖ్యంగా కుర్రాళ్లకు. "తమ్ముడూ, నీ బ్యాంకు ఖాతా, ఏ.టి.ఎం. కార్డు, సిమ్ నెల రోజులు ఇవ్వు, ఐదు వేలు ఇస్తాం" అని అడిగేవాళ్లు హాస్టళ్ల దగ్గర, టీ కొట్ల దగ్గర తిరుగుతుంటారు. దోచిన డబ్బు నేరుగా దొంగ ఖాతాలోకి పోదు. మనలాంటివాళ్ల ఖాతాల గుండా పోతుంది. పోలీసులు మొదట పట్టుకునేది ఆ ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్లనే. ఖాతా స్తంభింపజేస్తారు, మన జీతం కూడా అందులోనే ఇరుక్కుంటుంది. ఇంకొక కార్మికుడి ఇల్లు ముంచిన డబ్బు మన చేతుల మీదుగా పోయిందన్న మచ్చ వేరే. మీ పేరు మీద మీకు తెలియని సిములు ఎన్ని ఉన్నాయో 2023లో వచ్చిన సంచార్ సాథీ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. మీది కానిది ఉంటే తీసేయమని అక్కడే చెప్పవచ్చు.

అవతలి గొంతు ఎవరిది?

ఇంకొక మాట. ఆ ఫోను చేసేవాడు కూడా కొన్నిసార్లు చిక్కుకున్న కార్మికుడే. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు కొందరు ఏజెంట్లను పట్టుకున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని డబ్బు తీసుకుని మన తెలుగు కుర్రాళ్లను కంబోడియాకు పంపారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, మన దేశంవాళ్లకే ఫోన్లు చేసి మోసం చేయమని కూర్చోబెట్టారు. మే 20న అక్కడ వందల మంది భారతీయులు ఎదురు తిరిగారు. ఆ నెలలోనే కొందరు విశాఖకు చేరుకున్నారు. వెట్టిచాకిరీ పోయిందనుకుంటున్నాం, కంప్యూటరు ముందుకు వచ్చింది. మీ పిల్లలకు విదేశీ ఉద్యోగమని ఎవడైనా చెబితే, ఆ ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడకుండా పాస్‌పోర్టు చేతికి ఇవ్వకండి.

డబ్బు పోతే

స్పిన్నింగులో పనిచేసినవాళ్లకు తెలుసు. పోగు తెగితే వెంటనే అతికించాలి. ఆలస్యమైన కొద్దీ దూది వేస్టులోకి పోతూనే ఉంటుంది. ఇదీ అంతే. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930కు ఫోను చేయండి. కేంద్ర హోంశాఖ పెట్టిన నంబరు అది. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి మరోచోటికి పరుగెత్తుతుంది. మధ్యలో ఎక్కడైనా ఆపగలిగితే మిగులుతుంది. ఏ ఖాతా నుంచి, ఎంత, ఎన్ని గంటలకు పోయింది, ఆ మెసేజులో ఉన్న లావాదేవీ నంబరు, ఇవి దగ్గర పెట్టుకోండి. వెంటనే మీ బ్యాంకుకు చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి. తుమకూరులో సైబర్ నేరాల కోసం సి.ఇ.ఎన్. పోలీసు స్టేషన్ ఉంది. మెసేజులు చెరిపేయకండి, అవే సాక్ష్యం.

రిజర్వు బ్యాంకు 2017 జూలైలో పెట్టిన నియమం ఒకటుంది. మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా మధ్యలో ఎవడో దోచితే, మూడు పనిదినాల్లో చెబితే నష్టం మన మీద పడదు. ఓ.టి.పి. మనమే చెప్పినా సరే, బ్యాంకుకు తెలియజేసిన తర్వాత పోయేది బ్యాంకు ఖాతాలోకే వస్తుంది. కాబట్టి "నాదే తప్పు, ఎవరికి చెప్పను" అని కూర్చోవడం రెండో నష్టం.

మోసపోయిన మనిషిని మనం కూడా రెండోసారి కొట్టకూడదు. "అంత బుద్ధి లేదా?" అని భార్యను తిట్టే మొగుడు, అమ్మను తిట్టే కొడుకు, దొంగ పనే పూర్తిచేస్తున్నాడు. ఇంట్లో తిడతారన్న భయంతోనే చాలామంది రెండు రోజులు నోరు మెదపరు. ఆ రెండు రోజులే దొంగకు కావలసింది.

సంఘం చేయవలసినవి

సంఘం తరఫున మూడు ప్రతిపాదనలు మీ ముందు పెడుతున్నాను.

ఒకటి. షిఫ్టులో ఫోను లోపలికి రానివ్వని చోట్ల డబ్బు పోయిన సంగతి ఎనిమిది గంటల తర్వాత గానీ తెలియదు. ఇంటివాళ్లు టైం ఆఫీసుకు ఫోను చేస్తే ఆ కార్మికుణ్ణి వెంటనే పిలిపించాలి, బ్యాంకుకు, 1930కు ఫోను చేసుకోనివ్వాలి, ఆ సమయానికి జీతం కోయకూడదు. ఇది యాజమాన్యాలకు రాతపూర్వకంగా ఇస్తాం.

రెండు. కార్మికుల ఫోను నంబర్లు, ఆధార్ నకళ్లు కాంట్రాక్టర్ల చేతుల్లో, నోటీసు బోర్డుల మీద పడి ఉండకూడదు. వ్యక్తుల సమాచారం కాపాడాలని 2023లో పార్లమెంటు చట్టం చేసింది, 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. గేటు దగ్గర అతికించే జాబితాల్లో పేరు, టోకెన్ నంబరు చాలు.

మూడు. ప్రతి షిఫ్టుకు, ప్రతి హాస్టలుకు, ప్రతి ఊరికి ఇద్దరు. ఏ వేళనైనా "ఇలాంటి ఫోను వచ్చింది, ఏం చేయమంటారు" అని అడగడానికి ఇద్దరు మనుషులు. వాళ్లు కంప్యూటరు చదివినవారు కానక్కరలేదు. ఇంగ్లీషు మెసేజు చదవగలిగి, విసుక్కోకుండా వినేవారైతే చాలు. మన పావగడ తాలూకాలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బ్యాంకు మెసేజేమో ఇంగ్లీషు. అడగడానికి మనిషి ఉంటే ఈ మూడు భాషల మధ్య దొంగ దూరడానికి సందు ఉండదు.

వల్లూరుకు ఆ ఇద్దరు ఎవరో ఈ మీటింగులోనే తేల్చుకుందాం. ముందుకు వచ్చేవారు చేతులెత్తండి. వాళ్ల నంబర్లు గోడ మీద కాదు, అమ్మల ఫోన్లలో రాసి పెట్టి పోదాం.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!